చెవి ముక్క

ఆ డబ్బా మూసెయ్. మూసి గుమ్మం అవతల పెట్టు. రొట్టె పెట్టుకునే గుడ్డ మీద పెడతావేంటయ్యా దాన్ని, వేయించిన బౌర్సాక్‌ల పక్కన, వెన్నగిన్నెకి ఆనించి? కత్తెరలు, సూదులు, మూతలున్న గాజు గొట్టాలు. ఇది దస్తర్‌ఖాన్ నాయనా, మీ పరిశోధన సంస్థలో బల్ల కాదు. మీ నాన్న బతికుండగా ఈ గుడ్డకి కాలు తగిలినా ఊరుకునేవాడు కాదు.

ఏంటీ, గోరంత ముక్కా? చెవి అంచున గోరంత, వాడికి నొప్పి కూడా తెలియదు, అంతేగా? విన్నాలే. పోయినసారీ ఇదే మాటన్నావు. కనీసం మాటైనా మార్చుకుని రాలేదు నువ్వు.

నేను ఫోను చేసింది దేనికి? గుర్తుందా, కారెక్కేసరికి మర్చిపోయావా? "పిల్లోడు పడిపోయాడు, ఇంక లేవడు, నువ్వు రా" అన్నాను. "నీ చేత్తో నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది" అన్నాను. సరే వదినా అన్నావు. నీ కారు చప్పుడు వినపడగానే లోపల మీ అమ్మ పక్క మీద లేచి కూర్చుంది. నేను టీకి నీళ్ళు పెట్టాను.

వచ్చినవాడివి కొట్టం దాకా వెళ్ళావు. గుమ్మంలోనే నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఇలా ఓసారి తొంగిచూశావు. వాడు తలెత్తాడు. నిన్ను చూసి సకిలిద్దామనుకున్నాడు పాపం, ఊపిరి చాల్లేదు. నువ్వు వెనక్కి తిరిగొచ్చి, చెయ్యైనా కడుక్కోకుండా, డబ్బా తెరిచావు.

నాకు రోత పుట్టింది. నీ దగ్గర దాపరికం దేనికి? పుళ్ళు పడి పురుగులు పట్టిన గొర్రెల్ని ఈ చేతుల్తో కడిగినదాన్ని, ఎప్పుడూ పుట్టని రోత నిన్ను చూస్తే పుట్టింది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి నీకు ఊడిన ముందుపళ్ళింకా రాలేదు. మనలో అత్తింటివాళ్ళని పేరుపెట్టి పిలవకూడదు కదా, ఒక్కొక్కరికీ ఒక్కో పేరు కట్టుకున్నాను. నీకు చదువులబ్బాయి అని పెట్టాను. గొర్రెల్ని కాయమని పంపితే గొర్రెలు ఒక కొండ మీద ఉండేవి, నువ్వూ నీ పుస్తకమూ ఇంకో కొండ మీద ఉండేవాళ్ళు. నీ చీమిడి తుడిచాను, నీ తలలో పేలు చూశాను. మీ నాన్న కొరడా తీస్తే నా పావడా వెనక్కొచ్చి దాక్కునేవాడివి. కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకుంది. టీ తాగుతూ విను, చల్లారిపోతోంది.

ముందే చెప్తున్నా, చదువు మీద నాకు కోపం లేదు. వదినకేం తెలుసు, పాతకాలం మనిషి అని మళ్ళీ అనకు. గాలికుంటు వచ్చిన ఏడు మీవాళ్ళ సూదిమందే కదా మన మందని నిలబెట్టింది. నా రెండో కాన్పుకి నగరం నుంచి ఆ డాక్టరమ్మ రాకపోతే, ఇవాళ ఇక్కడ కూర్చుని నిన్ను తిట్టడానికి నేనే ఉండేదాన్ని కాదు. చదువు మంచిదే. దాన్ని పట్టుకున్న చెయ్యి సంగతే నేను మాట్లాడుతున్నది.

మీ నాన్న పోయినప్పుడు నువ్వు విదేశంలో ఉన్నావు. మట్టికి అందుకోలేకపోయావు. దానికి నిన్నెవరూ ఏమీ అనలేదు. మంచు పడి దారులన్నీ మూసుకుపోయాయి, ఎవరొచ్చినా అందేవాళ్ళు కాదు. ఫోనులో నీ ఏడుపు విని నేనూ ఏడ్చాను.

ఆ రోజే మీ అన్న మీ నాన్న గుర్రం కెర్‌కష్కాని బయటికి తెచ్చి తోక, జూలు కత్తిరించాడు. యజమాని పోయిన గుర్రం, దాన్ని ఇంకెవరూ ఎక్కకూడదు కదా. ఏడాదంతా మీ నాన్న జీను తిరగేసి దాని వీపు మీద వేసి ఇంటి ముందు నుంచి నడిపించేవాళ్ళు, మేము ఆడవాళ్ళం గుమ్మంలో నిలబడి ఏడుపు పాట పాడేవాళ్ళం. నువ్వు చూడలేదు. నుదుటి మీద ఆ తెల్లచార, కత్తిరించిన తోక, ఖాళీ జీను. చూసినప్పుడల్లా పెద్దాయన్ని మళ్ళీ మోసుకెళ్తున్నట్టే ఉండేది.

ఏడాది నిండిన విందుకి నువ్వు దిగావు. ఆ రోజు కెర్‌కష్కాని కోయాలి. కోస్తేనే కదా అది అక్కడికెళ్ళి ఆయన్ని చేరేది. ఊరంతా వచ్చింది, కొండ అవతల ఊళ్ళవాళ్ళూ వచ్చారు. కోసే ముందు మీ అమ్మ దాని దగ్గరికి వెళ్ళి, మెడ చుట్టూ చెయ్యేసి, కుడి చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మీ నాన్నకి పంపే కబురు. ఏం చెప్పావని మేమెవరం అడగలేదు. కోయాల్సిన జూనిస్ తాత కత్తి పట్టుకుని, అటు తిరిగి నిలబడి, ఆవిడ అయిందనేదాకా ఆగాడు.

కోత అయ్యాక నువ్వొచ్చి నా చెవిలో అన్నావు, "వదినా, గుర్తుగా చెవి ముక్క ఒకటి తీసుకుంటాను, గోరంత" అని. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తండ్రి ఆఖరి చూపు దక్కని పిల్లాడు, ఏదో ఒకటి దాచుకోవాలనుకుంటున్నాడు, తప్పేముంది అనుకున్నాను. నువ్వు కుడి చెవి కోశావు. ఎడమది ఉండగా కుడిదే కోశావు. మీ అమ్మ మాట ఇంకా అందులో వెచ్చగా ఉండే ఉంటుంది.

తర్వాత వచ్చి అందరితోపాటు కూర్చున్నావు. వేడివేడి మాంసం నేనే వడ్డించాను. బాగుంది వదినా, ఇంకొంచెం వెయ్యి అన్నావు. తిన్నాక చేతులెత్తి మీ నాన్న కోసం దువా చేశావు. ఇలాంటిదే ఒక డబ్బా అప్పుడు నీ కోటు లోపల ఉంది, మంచు ముక్కల మధ్య. నోట్లో దాని మాంసం, జేబులో దాని చెవి.

కొన్నాళ్ళకి ఒక చూడిగుర్రాన్ని లారీలో తెచ్చి దింపావు. "ఇక్కడ ఈనితే మంచిది, కొండగాలి" అన్నావు. కడుపులో ఉన్నది ఎవరి పిల్లో చెప్పలేదు. ఆ ఆడగుర్రం పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. పిల్ల మరీ పెద్దది, అడ్డం తిరిగింది. నేను మోచేతిదాకా చెయ్యి పెట్టి కాళ్ళు సరిచేశాను, మీ అన్న లాగాడు. కొట్టం చీకటని నువ్వు ఫోను లైటు పట్టుకున్నావు. పిల్ల కింద పడ్డాక బొడ్డు నేనే కోశాను. గడ్డితో తుడుస్తుంటే నుదుటి మీద తెల్లచార బయటపడింది, కుడికన్ను వైపు కొంచెం వంగి.

మీ అన్న అలాగే నేల మీద కూలబడిపోయాడు. అప్పుడు చెప్పావు నువ్వు. "నాన్న గుర్రమే. ఆ చెవి ముక్కలోంచే పుట్టించాను. అదే. ఒక్క వెంట్రుక తేడా లేదు." చెప్తుంటే నీ మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

అప్పుడు వాడు నిన్ను చూశాడు. ఒళ్ళంతా తడి, మాయ ఇంకా మెడకి అంటుకునే ఉంది. లేవబోయి పడ్డాడు, మళ్ళీ లేవబోయి పడ్డాడు, ఎలాగో పాక్కుంటూ వచ్చి నీ మోకాలికి మూతి ఆనించాడు. నీ మొహంలో వెలుగు ఆరిపోయింది. వాడి తలని కాలితో అవతలికి నెట్టి బయటికెళ్ళిపోయావు. గోడ పక్కన నువ్వు కక్కుకుంటున్న చప్పుడు మాకు వినపడింది.

అప్పుడు అడగలేదు. ఇప్పుడడుగుతున్నా, ఎందుకు? అంత కష్టపడి చేసుకున్నదాన్ని చూసి ఎందుకు కక్కుకున్నావు? నీకు తెలుసో లేదో కూడా నాకు అనుమానమే.

మర్నాడు టీవీవాళ్ళు వచ్చేసరికి మాత్రం మొహం కడుక్కుని నవ్వావు. కాలితో నెట్టిన మెడ మీదే చెయ్యేసి ఫొటోలు దిగావు. జిల్లా పెద్ద నీకు చపాన్ కోటు కప్పి, తండ్రి రుణం తీర్చుకున్న కొడుకు అన్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే వినడమే కానీ, కళ్ళారా చూసింది ఆ రోజే.

మీ అమ్మ చెయ్యి పట్టుకుని కెమెరాల ముందుకి తెచ్చావు కదా, "చూడమ్మా, నాన్న గుర్రం తిరిగొచ్చింది" అని. సంతోషంతో ఏడుస్తుందనుకున్నావు. ఆవిడ ఏడవలేదు. చాలాసేపు వాణ్ణి చూసింది. తర్వాత నావైపు తిరిగి, మెల్లగా అడిగింది.

"అయితే ఆయన అక్కడ నడుస్తున్నాడా, కోడలా?"

నువ్వు వినలేదు. నీకు మైకు తగిలిస్తున్నారు.

నన్ను ఏం చెప్పమంటావు ఆవిడకి? ఆవిడకి తెలిసింది ఒక్కటే గుర్రం. అక్కడికి పంపితే అక్కడ ఉండాలి. ఇక్కడుందంటే అక్కడ లేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి మీ నాన్న, ఆఖర్న పొయ్యి దగ్గరికి కూడా నడవలేకపోయేవాడు. అలాంటివాణ్ణి ఎక్కడో మైదానంలో కాలినడకన వదిలేశామని ఆవిడకి బెంగ పట్టుకుంది. ఈదురుగాలి వస్తే, ఎక్కడిదాకా వెళ్ళాడో పాపం అంటుంది. మంచు పడితే, మేజోళ్ళు మందంవి వెయ్యలేదే అంటుంది. ముల్లా వచ్చి, పోయినవాళ్ళకి గుర్రాలక్కర్లేదమ్మా అని ఒక పూటంతా చెప్పాడు. మర్యాదగా విని, టీ పోసి, ఎండుపెరుగు కుర్త్ మూటకట్టి పంపించింది. ఆయన వీధి దాటాక, "ఆ అబ్బాయికి గుర్రమెక్కడం రాదు, అతనికేం తెలుస్తుంది" అంది.

మీ అన్న చెప్పిచూశాడు. "ఇది వేరే గుర్రం అమ్మా, పోలిక, అంతే." ఆవిడ ఏమందో తెలుసా? "వేరేదైతే చిన్నాడు టీవీలో అదే గుర్రమని ఎందుకు చెప్పాడు? వాడు చదువుకున్నవాడు. అబద్ధం చెప్తాడా?" దీనికి నువ్వే చెప్పు జవాబు. అదే గుర్రమైతే మీ నాన్నని నడిపిస్తున్నది నువ్వు. వేరే గుర్రమైతే ఊరందరికీ అబద్ధం చెప్పింది నువ్వు. ఏది ఒప్పుకుంటావో ఒప్పుకో, లోపలికెళ్ళి ఆవిడతోనే చెప్పు. వెళ్ళవు. నాకు తెలుసు.

ఇంక వాడి సంగతి. వాడు ఏ పాపం చేశాడని? ఈనిన గుర్రం వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. తన పిల్ల కాదని దానికెలా తెలిసిందో, తన్ని తరిమింది. సీసా పట్టుకుని నేనే పాలు తాగించాను. నా వెనకాలే తిరిగేవాడు. రొట్టె కాలుస్తుంటే కిటికీలోంచి తల పెట్టి నా జుట్టు నమిలేవాడు. మందలోకి వదిలితే పోతుగుర్రం కరిచి తరిమేది, మిగతావి వాసన చూసి పక్కకి జరిగేవి. మంద ఒకచోట మేస్తుంటే వీడొక్కడూ దూరంగా, మొహం మంద వైపు పెట్టి, మెయ్యకుండా నిలబడేవాడు. అది చూడలేక తెచ్చి గొర్రెల్లో కలిపాను. కొండ కిందా పైనా పేరున్న మీ నాన్న గుర్రం, గొర్రెల మధ్య పెరిగింది.

వాడికి పేరు కూడా లేదు. కెర్‌కష్కా అని పిలవడానికి మీ అమ్మ ఒప్పుకోలేదు. కొత్త పేరు పెడదామంటే ఫోనులో నువ్వు కోప్పడ్డావు, "పేరు మారిస్తే నా పని మాటేమిటి" అని. పిల్లోడా, పిల్లోడా అంటూ ఉండిపోయాను.

గిట్టలు లోపలికి మడుచుకుపోతున్నాయంటే వీడియో తీసి పంపమన్నావు. కొంచెం పరిగెత్తినా ముక్కులోంచి నురగొస్తోందంటే, ఎప్పుడెప్పుడొస్తోందో రాసిపెట్టమన్నావు. ఒక్కసారి వచ్చి చూడు నాయనా అంటే నీకు సమావేశాలు. వాడు బాగున్నన్నాళ్ళూ నీ నోట "నా గుర్రం" అనే వచ్చేది. కాళ్ళు వంగాక "మీ గుర్రం ఎలా ఉంది వదినా" అనడం మొదలుపెట్టావు. నువ్వు గమనించావో లేదో. నేను గమనించాను.

నౌరిజ్ పండగ పరుగుకి వాణ్ణి పెట్టమన్నది ఎవరు? నేనా? వద్దంటూనే ఉన్నాను. విదేశీ పెద్దలొస్తున్నారు, నాన్న గుర్రం గెలిచిన పరుగులోనే ఇదీ పరిగెత్తాలి, చూస్తే వాళ్ళకి మతిపోతుంది అన్నావు. మతి పోయిన మాట నిజమే. సగందాకా ఎంత అందంగా పరిగెత్తాడనుకున్నావు. పందెం చూస్తున్న ముసలివాళ్ళు లేచి నిలబడి మీ నాన్న పేరు పెట్టి అరిచారు. మీ అన్న ఏడుస్తూ టోపీ పైకెగరేశాడు. అంతలో ముందుకాళ్ళు రెండూ ఒక్కసారి లోపలికి ముడుచుకుపోయాయి. ముక్కులోంచి నెత్తురు ఎగజిమ్మి మంచు మీద పడింది. నేను పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాను. నువ్వు పెద్దల పక్కన నిలబడి ఏమన్నావో నాకక్కడిదాకా వినపడింది. "పడ్డప్పుడు ఎవరైనా వీడియో తీశారా?"

ఆ తర్వాత కుంటుతూనే తిరిగాడు. ఈ గొర్రెల బొచ్చు కత్తిరింపులు మొదలైన రోజు కొట్టంలో పడిపోయి, మరి లేవలేదు. పక్కలు పుళ్ళు పడ్డాయి. ఈగలు. నేను పూటపూటకీ ఉప్పునీళ్ళతో కడుగుతున్నాను. నువ్వు రుమాలు అడ్డం పెట్టుకున్నది ఆ వాసనకే.

పశువుల డాక్టరు వచ్చాడు. "అమ్మా, ఇది వాళ్ళ సంస్థ సొత్తు. నేను సూది వేసి చంపితే నా ఉద్యోగం పోతుంది. ఆయన్నే అడుగు" అని, మొహం చూపించలేక వెనక వాకిట్లోంచి పోయాడు.

సరే, మన పద్ధతిలోనే పంపిద్దామని జూనిస్ తాతని పిలిచాం. కత్తి సానపట్టుకునే వచ్చాడు పెద్దాయన. కొట్టంలోకి వెళ్ళి, వాడి నుదురు నిమిరి, తెల్లచార చూసి, బయటికొచ్చి కత్తిని గుడ్డలో చుట్టేశాడు. "కోడలా, దీన్ని నేను ఒకసారి దేవుడి పేరు చెప్పి కోశాను. ఒక ప్రాణాన్ని రెండుసార్లు కోసే హక్కు నాకెవరిచ్చారు? రేపో మాపో పైకెళ్ళి జవాబు చెప్పుకోవాల్సినవాణ్ణి" అన్నాడు. తాత కాదన్నాక ఊళ్ళో ఇంకెవరు ముట్టుకుంటారు? ఇది వేరే ప్రాణం తాతా అని నేను గట్టిగా అనలేకపోయాను. అదేనని చెప్పింది నువ్వాయె. నువ్వు టీవీలో అన్న ఒక్క మాటకి, చావడానికి కూడా వీల్లేకుండా ఆ పేడలో పడున్నాడు వాడు.

మీ అన్నా? మీ అన్న కత్తి తీసుకుని వెళ్ళాడు. వాడు మీ నాన్న గుర్రం చూసినట్టే చూశాడట. తిరిగొచ్చి పొయ్యి పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఇవాళ నీ కారు మలుపు తిరగడం చూసి గొర్రెల్ని తోలుకుని కొండెక్కేశాడు. "చేసినవాణ్ణే చూసుకోనీ" అన్నాడు పోతూ.

అందుకే నిన్ను రమ్మన్నాను. ఇంకెవరికీ లేని హక్కు నీకుంది. వాణ్ణి తెచ్చింది నువ్వు, పంపాల్సింది నువ్వు. ఊరు తప్పుపట్టదు. నువ్వు కత్తి పడితే పక్కన నిలబడి దువా చదువుతానని జూనిస్ తాత మాటిచ్చాడు. మీ అమ్మ పొద్దున్నే తలకి ఉతికిన తెల్లగుడ్డ చుట్టుకుంది. ఈసారి ఎడమ చెవిలో చెప్తుందట, "తొందరగా వెళ్ళు, ఆయన ఇన్నాళ్ళూ నడిచాడు, ఎక్కించుకో" అని. ఆవిడకి ఈ బెంగ తీరేది దాంతోనే. వాడికి నొప్పి తీరేదీ దాంతోనే. ఒక్క కత్తివేటు. నిన్ను అడిగింది అంతే.

నువ్వేమో డబ్బా తెరిచావు.

ఏమన్నావు ఇందాక? మళ్ళీ అను. "ఈసారి సరిగ్గా వస్తుంది." ఈసారి. అంటే ఇంకోడన్నమాట. వీడి మూతి నీ మోకాలికి తగిలిన తడి ఆరకముందే ఇంకోడు. ఇటుకలు పోస్తున్నావా నువ్వు? వంకరొచ్చిన ఇటుకని పక్కన పడేస్తే అది తలెత్తి నిన్ను చూడదు.

ఎవరో ఒకరు మొదలుపెట్టాలా? మొదట్లో తప్పులు జరుగుతాయా? జరుగుతాయి. కాదన్నదెవరు? నేనూ కొత్తకోడలిగా రొట్టెలు మాడ్చాను. కానీ మాడింది నేను తిని, బాగున్నది మీకు పెట్టాను. నువ్వు మాడ్చింది మాకు పెట్టేసి, అటు తిరిగి కొత్త పిండి కలుపుకుంటున్నావు. ఆ తేడా చెప్పడానికి ఏ చదువూ అక్కర్లేదయ్యా.

నాన్న మీద ప్రేమతో చేశావా. చేసే ఉంటావు. అది అబద్ధమని నేననను. కానీ ఆ ప్రేమ వాడి దాకా ఎందుకు రాలేదు? నీ పనికి చప్పట్లు వచ్చినచోటల్లా నువ్వున్నావు. కంపు వచ్చినచోట ఒక్క పూట లేవు. చేయడం వచ్చినవాడికి చేసినదాని పక్కన కూర్చోవడం రాకపోతే, చేయడం మానుకోవాలి. నువ్వు చేసింది వాడిలా పేడలో పడి మూలుగుతుంటే మరీ మానుకోవాలి.

పది రోజులా? పది రోజుల్లో మీ సంస్థ డాక్టరొచ్చి సూది వేస్తాడా? ఆ పది రోజులూ నువ్వు కొట్టంలో పడుకుంటావా, ఈగలు తోలుతూ? పోనీ, ఇదిగో కత్తి. తాతది కాదు, మీ నాన్నది. పట్టుకో.

చేతులు చూసుకుంటావేం? సన్నటి చేతులు, శుభ్రమైన గోళ్ళు. చెవి కోసిన రోజు వెనకాడలేదే ఇవి.

ఏంటీ? గట్టిగా చెప్పు. చచ్చాకైనా తీసుకోవచ్చా? కొన్ని గంటల్లోపైతే పనికొస్తుందా?

అంటే అదీ ఆలోచించుకునే వచ్చావు. మేమెవరమైనా చంపుతామేమో, అప్పుడు తీసుకుందామని. అందుకేనా మంచు అంత ఎక్కువ తెచ్చుకున్నావు?

సరే. కూర్చో. లేవకు, ఆ కత్తి ముట్టుకోకు, నేనే వెళ్తాను. ఆడది కత్తి పట్టకూడదంటారు, తెలుసు. ఆడది కోసింది తినకూడదంటారు, అదీ తెలుసు. తినేదెవరు దాన్ని? దేవుడి దగ్గర తప్పైతే నా ఖాతాలో వేసుకోనీ. మీ ఇంటి మగాళ్ళలో ఒకడికి ఏడుపొస్తుంది, ఒకడికి లెక్కలొస్తాయి. ఎవరో ఒకరు వాడి తల ఒళ్ళో పెట్టుకోవాలిగా.

ఒక్క వెంట్రుక ఈ వాకిలి దాటదు. చెవులతో, గిట్టలతో సహా పూడుస్తాం. ఎక్కడో నీకు చెప్పం. ఆ డబ్బా తీసుకుని నీ దారిన నువ్వు పో. మీ అమ్మని నేను నడిపించుకెళ్తాను, ఆవిడ చెప్పాల్సింది చెప్పాకే కోస్తాను.

ఒక్క చిక్కు మిగిలింది. కోసే ముందు మనవాళ్ళం ఏ జీవానికైనా చెప్పే మాటుంది కదా. నీలో తప్పు లేదు, మా ఇంట్లో తిండి లేదు, క్షమించు అని. వాడికి మొదటి సగం చెప్పగలను. రెండో సగం ఎలా చెప్పను? ఇంటినిండా తిండి ఉంది. పుట్టించడమే ఒక అబద్ధంతో పుట్టించారు వాణ్ణి, పంపేటప్పుడైనా నిజం చెప్పాలి. పొద్దుట్నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను, ఏం చెప్పాలా అని. నువ్వు డబ్బా తెరిచాక దొరికింది.

నీలో తప్పు లేదురా పిల్లోడా, నిన్ను చేసినవాడికి సిగ్గు లేదు.